మిరపకాయ సవేరియా చావలేదు

సెర్రాబియాంకా, కొండ ఊరు
జూన్ మొదటి వారం, 1983

ఎర్సీలియాకు,

చచ్చిపోయిన సవేరియా మోరానో చెప్పి రాయిస్తున్న ఉత్తరం ఇది. చెయ్యి మా ఊరి చర్చి ఫాదర్ ఎజిదియోది, మాట నాది. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. అయినా నేను బతికున్నానో లేదో తెలుసుకునేంత చదువు నాకుంది. నీకే లేనట్టుంది.

నిన్న పోస్టువాడు ఒక పెట్టె దింపాడు. దింపి పోకుండా, టోపీ తీసి గుండెకి ఆనించుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఏరా, ఎండదెబ్బ తగిలిందా?" అన్నాను. "పెట్టె మీద సవేరియా పెద్దమ్మ వారసులకని రాసుంది. మరి మీరేమో..." అని నసిగాడు. విప్పితే లోపల నా టమాటా గుజ్జు కాచే పెద్ద గిన్నె. ఏటా వేసవి అయిపోయాక నీ కొట్టంలో దాచి వచ్చే గిన్నె. అందులో నల్లంచు కార్డు. ఫాదర్ చదివాడు: "దివంగతురాలి గుర్తుగా, కన్నీళ్లతో." కన్నీళ్లతోనట! గిన్నె అడుగున పోయినేటి ఇసుక అలాగే ఉంది. ఆ కన్నీళ్లతో ఒకసారి కడిగి ఉండాల్సింది.

చచ్చింది నేను కాదు, మా పెదనాన్న కూతురు. మా నానమ్మ పేరు సవేరియా. ఆమె కొడుకులు ముగ్గురూ తొలి ఆడపిల్లకి తల్లి పేరే పెట్టారు, మన దగ్గర అందరూ పెట్టినట్టే. అలా ఈ కొండ మీద ముగ్గురు సవేరియా మోరానోలం తయారయ్యాం. ఒకతి కుంటి సవేరియా. నేను మిరపకాయ సవేరియాని. మొన్న చలికాలంలో పోయింది కోళ్ల దొంగ సవేరియా. చావు పోస్టరు మీద అసలు పేరు కింద ఊరు పిలిచే పేరు కూడా అచ్చు వేస్తారు కదా, లేకపోతే పోయిందెవరో ఎవరికి తెలుస్తుంది? దాని కూతుళ్లకి సిగ్గేసింది. కోళ్ల దొంగ అని వేసి గోడలకి అంటించడం ఏం బాగుంటుందని ఆ వరస ఎగ్గొట్టారు. దాని పెద్ద కూతురు కాపురం మీ తీరంలోనే కాబట్టి మీ గోడలకీ అంటించారు. నువ్వు చూశావు, నన్ను పాతిపెట్టావు. అది బతికినంతకాలం నా కోళ్లు దొంగిలించింది. ఇప్పుడు నా పేరు దొంగిలించుకుని సమాధిలోకి పోయింది.

అది నీ తప్పు కాదనే అనుకో. అసలు తప్పు విను. ఈస్టరుకి వచ్చినప్పుడు నా కొడుకు కోసిమో ఏమన్నాడంటే, సముద్రం ఒడ్డున ఉన్న నీ టెంట్ల క్యాంపు మూతపడిందట, ఏదో హోటలు వాళ్లు కొన్నారట. నేను నమ్మాను. మరి ఈ పెట్టె మీద నీ క్యాంపు ముద్ర నిగనిగలాడుతోందని ఫాదర్ అంటున్నాడు. అంటే నువ్వు నా కొడుక్కి అబద్ధం చెప్పావు. ముసలిది పోయింది కదా అని, వంకర పైన్ చెట్టు కింది నా చోటుని ఏ ఉత్తరాది తెల్లకాళ్లకో ఇచ్చేశావు. అవునా, కాదా?

జూలైలో నా టెంటు నా చోట్లో పడాలి. లేదంటే దయ్యాన్నయి వచ్చి నీ ఆఫీసు బల్ల మీద కూర్చుంటాను.

బతికున్న
సవేరియా

తా.క. నేను చెప్పినదంతా ఇందులో లేదు. కొన్ని మాటల దగ్గర ఫాదర్ కలం ఆగిపోవడం నా కళ్లతో చూశాను.


పినేతా క్యాంపు, సముద్రతీరం
జూన్ మూడో వారం

సవేరియా పెద్దమ్మకు,

మీ ఉత్తరం ఆఫీసులో నిలబడి చదవడం మొదలుపెట్టాను, కూర్చుని ముగించాను. ఫాదర్ కలం ఎంత ఆగినా, మిగిలినవాటిని బట్టి ఇది మీరేనని రెండో వాక్యానికే తేలిపోయింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. క్షమించండి, పెద్దమ్మా. చేపల మార్కెట్టు గోడ మీద ఆ పోస్టరు చూసి అది మీరేననుకున్నాను. మీ పేరు మీద పూజ చెప్పించాను. బట్టలుతికే తొట్ల దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పాను. మీ పక్క టెంటులో ఉండే నుంచియా సబ్బు చేతుల్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. కోసిమో వాళ్లు వస్తే మన పద్ధతిలో ఓదార్పు కూడు పెట్టాలనీ, చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు కాబట్టి ఒక్కో టెంటూ ఒక్కో పూట వండి తేవాలనీ అప్పుడే పంచుకున్నారు. వాళ్లు రారని తెలిశాక అది అలా ఆగిపోయింది.

క్యాంపుని ఎవరికీ అమ్మలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. ఉత్తరాల్లో ఏదో తారుమారై ఉంటుంది. దాన్ని తవ్వకండి, పెద్దమ్మా.

చోటు సంగతి మాత్రం నిజం. వంకర పైన్ కింద బెర్గామో నుంచి ఒక పళ్ల డాక్టరు కుటుంబం దిగింది. ఆగస్టు చివరిదాకా రాయించుకున్నారు. మర్యాదస్తులు. టెంటు ముందు ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరుచుకున్నారు. డాక్టరు భార్య లివియా దాన్ని రోజూ చీపురుతో ఊడుస్తుంది. మీకు స్నానాల గదుల పక్కన మంచి నీడలో వేరే చోటు ఉంచాను. కుళాయి కూడా దగ్గర.

మీ
ఎర్సీలియా


సెర్రాబియాంకా
జూన్ నెలాఖరు

ఎర్సీలియాకు,

స్నానాల గదుల పక్కనట! ఊళ్లో వాళ్లంతా తువ్వాలు భుజాన వేసుకుని, కడుపు పట్టుకుని నా పళ్లెం ముందు నుంచి పరిగెత్తే చోటు. ఆ నీడ నువ్వే ఉంచుకో. నీ అత్తగారికి వెయ్యి టెంటు అక్కడ.

గడ్డిని చీపురుతో ఊడ్చే ఆడదాన్ని నువ్వు మర్యాదస్తురాలు అంటున్నావు. సముద్రం పక్కకి వచ్చి ఇసుక తగలకుండా కూర్చోవాలంటే బెర్గామోలో సొంత ఇంట్లోనే కూర్చోవచ్చు కదా? ఉప్పు వేయని నీళ్లలో మకరోనీ ఉడికించి, దాని మీద సీసాలోంచి ఎర్రటిదేదో పిండుకుంటారు వాళ్లు. ఆ చెట్టు కింద వాసనే మారిపోయి ఉంటుంది.

ఆ చెట్టు ఎందుకు వంకర పోయిందో వాళ్లకి చెప్పావా? నీ క్యాంపు ఇంకా పుచ్చకాయల చేనుగా ఉన్నప్పుడు, మీ నాన్న కంచె కట్టకముందు, మా ఆయన బస్తియానో నన్నూ కోసిమోనూ గాడిద బండిలో తెచ్చి అక్కడ దింపాడు. టెంటు లేదు. ఆలివ్‌ల కింద పరిచే టార్పాలిన్ ఉంది. దాని తాడు కట్టడానికి ఆ చేను గట్టున ఆయనకి దొరికింది నా నడుమంత లేని ఆ మొక్కే. ప్రతి వేసవీ ఆ మొక్కకే కట్టేవాడు, అది ప్రతి వేసవీ మావైపు కొంచెం వంగేది. మా తాడు లాగి లాగి పెంచిన చెట్టు అది. ఆయన పోయాక కూడా ఆయన ముడే వేయిస్తున్నాను. ఇప్పుడు దాని కింద పళ్లు పీకేవాడు ప్లాస్టిక్ గడ్డి పరిచాడంటావు, దాన్ని మర్యాద అంటావు!

సరే, అది పక్కన పెట్టు. నీ ఉత్తరంలో ఒక మాట ఉంది. ఫాదర్ దాని మీదుగా గబగబా వెళ్లిపోయాడు. నేను మళ్లీ చదవమన్నాను. "వాళ్లు రారని తెలిశాక." నీకెలా తెలిసింది? ఎవరు చెప్పారు?

నిన్న ఫాదర్‌తో బారుకి వెళ్లి కోసిమోకి ఫోను చేయించాను. "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి, అక్కడ ఇప్పుడు బుల్డోజర్లు తిరుగుతున్నాయి. నువ్వు ఈ ఏడాది ఇంటి దగ్గరే చల్లగా ఉండు. మాకెలాగూ ఆఫీసులో సెలవు దొరికేలా లేదు" అన్నాడు. వెనక నుంచి కోడలు ఒర్నెల్లా గొంతు, ఎవరితోనో: "బూట్లు మరీ కొత్తవైతే కొండ ఎక్కేటప్పుడు కాళ్లు పొక్కుతాయి." సర్వే ఆఫీసులో సెలవు లేనివాడి పెళ్లాం ఏ కొండ ఎక్కుతోంది?

నాకు చదువు రాదు, చెవులున్నాయి. నీ నోటితో చెప్పు, ఎర్సీలియా. నువ్వు సంతాపం ఎవరికి రాశావు? వాడేమన్నాడు?

సవేరియా


పినేతా క్యాంపు
జూలై మొదట్లో

సవేరియా పెద్దమ్మకు,

ఇది రాయకుండా ఉండాలని చాలా చూశాను.

పోస్టరు చూసిన వారమే కోసిమోకి సంతాపం రాశాను. జవాబు వచ్చింది. "మీ సానుభూతికి కృతజ్ఞతలు. ఈ ఏడాది మా కుటుంబం రావడం లేదు. ఆ చోటు ఎవరికైనా ఇచ్చేయండి. అమ్మ సామాను అక్కడే పారేయండి." అంతే. దుఃఖంలో ఉన్న మనిషి కదా, పొడిపొడిగా రాశాడనుకున్నాను. కానీ ఆ గిన్నె పారేయడానికి నాకు చేతులు రాలేదు. దాంట్లో మకరోనీ తిని పెరిగినదాన్ని నేను. అందుకే మీ ఊరికి పంపాను.

వాడి మీద మరీ కోపగించకండి. తప్పు మొదలుపెట్టింది నేనే.

ఎర్సీలియా


సెర్రాబియాంకా
జూలై

ఎర్సీలియాకు,

ఫాదర్ ఈ ఉత్తరం కోసం మూడు కాగితాలు తెచ్చాడు. ఒకటి చాలన్నాను.

వాడికి ఏమీ చెప్పకు. నేను వాడితో మాట్లాడలేదు, మాట్లాడను. నువ్వు వాడికి మర్యాదగా ఒక ఉత్తరం రాయి. ఆగస్టు నడిమి మేరీమాత పండుగ రోజున, క్యాంపు చర్చిలో సవేరియా మోరానో ఆత్మ కోసం పూజ పెట్టామనీ, చుట్టుపక్కల టెంట్లన్నీ వస్తున్నాయనీ, కొడుకు లేకుండా ఎలా అని అందరూ అడుగుతున్నారనీ రాయి. తల్లి పోయిందని ఒప్పుకున్నవాడు తల్లి పూజకి రానని ఎలా అంటాడో చూస్తాను.

బతికున్నవాళ్లకి ఆత్మశాంతి పూజ చెప్పడం పాపమని ఫాదర్ గొణుగుతున్నాడు. "పూజ కోళ్ల దొంగకి చెప్పించండి, పేరు ఒకటే కదా, దానికి అవసరం కూడా ఉంది" అన్నాను. ఆయన దగ్గి, కలం సిరాలో ముంచాడు.

నుంచియాతో చెప్పు, ఆగిపోయిన ఓదార్పు కూడు ఆపొద్దని. ఎవరి వంతు వాళ్లు వండుకోవాలి. కోడి రసం మర్చిపోవద్దు.

నేను పుచ్చకాయల లారీలో వస్తున్నాను. గిన్నె నాతోనే వస్తుంది.

సవేరియా


పినేతా క్యాంపు
ఆగస్టు మొదటి వారం

పెద్దమ్మా,

రాశాను. వస్తున్నారు. కొండ హోటలు రెండు రోజులు వాయిదా వేసుకోవలసి వచ్చిందని ఒర్నెల్లా ఫోనులో చాలా బాధపడింది, పూజ ఎంతసేపు ఉంటుందని అడిగింది.

బెర్గామో లివియాకి జరిగింది చెప్పాను. ఆమె విని, తన గడ్డి తివాచీ చుట్ట చుట్టి, వాళ్ల టెంటుని చెట్టుకి అవతలకి లాగించింది. ఇవతలి సగం మీదే.

మీ మంచం, కుర్చీ తీసి ఎండలో పెట్టాను.

ఎర్సీలియా


పినేతా క్యాంపు, వంకర పైన్ కింద
ఆగస్టు, పండుగ అయ్యాక

ఫాదర్ ఎజిదియోకి,

ఈసారి చెయ్యి బెర్గామో లివియాది. అక్షరాలు గుండ్రంగా, చిన్నపిల్లలు రాసినట్టు వేస్తుంది. కానీ నేను తిట్టిన తిట్టు తిట్టినట్టు రాస్తుంది, మీలా దగ్గదు. దీనికి వంట రాదు. కుక్కకి డబ్బాలోంచి తీసి పెడుతుంది, మొగుడికీ అంతే. అది కూడా రాసుకో అన్నాను, నవ్వుతూ రాస్తోంది. సిగ్గు లేని జాతి.

పూజ బాగా జరిగింది. నేను వెళ్లలేదు, పోయినదాన్ని కదా. చెట్టు కింద కుర్చీలో కూర్చుని లౌడ్‌స్పీకరులో విన్నాను. ఫాదర్, ఇక్కడి కుర్ర గురువు నా గురించి "సౌమ్యురాలు" అన్నాడు. అది కోళ్ల దొంగకి కూడా అతకదు.

తర్వాత నుంచియా వాళ్లు వాడినీ కోడల్నీ నా చోటు దగ్గరికి నడిపించుకొచ్చారు. వాడికి చేతికి నల్ల పట్టీ. ఆమెకి నల్ల గౌను, నల్ల కళ్లద్దాలు. ఒకరి వెనక ఒకరు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని "ఎంత మంచి మనిషి" అంటున్నారు. నా వంతు వచ్చింది. లేచాను. చెయ్యి ఒడిగుడ్డకి... లివియా ఆగింది, మా కొండ మాట ఒడిగుడ్డ అంటే ఏమిటని. ఏప్రనే లేవే, రాయి. చెయ్యి తుడుచుకుని చాపాను.

"మీ అమ్మ పోయిందటగా, నాయనా. నాకు బాగా తెలిసిన మనిషి. చివరిదాకా నీ మీదే ప్రాణం."

వాడు నీళ్లలోంచి తీసిన ఆక్టోపస్‌లా అయ్యాడు. ఒర్నెల్లా కళ్లద్దాలు తీసి వాడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పింది వేరే కదా! మీ అమ్మ బతికున్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదన్నావు కదా!" అని పళ్ల మధ్య నుంచి అంది.

"అమ్మా," అన్నాడు.

"అమ్మ కోసం బాధపడు, తప్పు లేదు," అన్నాను. "కూర్చో. భోజనం వస్తోంది."

వచ్చింది. మధ్యాహ్నపు ఎండలో, ఆవిరి కక్కే కోడి రసం. కోడి ఎవరిదో నేను అడగలేదు. తర్వాత మాంసం కూరిన వంకాయలు. అవి అవుతూండగానే పొయ్యిలో కాల్చిన మకరోనీ, ఇంకో టెంటు నుంచి. "తిను బాబూ, దుఃఖంలో ఉన్నవాడు వద్దనకూడదు," అని నుంచియా పక్కన నిలబడి వడ్డించింది. వాడు తిన్నాడు. నల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లేచి సముద్రంలో కాళ్లు తడుపుకోబోతే, అవతలి టెంటు ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు: "తల్లి పోయిన ఏడాది సముద్రస్నానమేంటయ్యా? జనం ఏమనుకుంటారు!" బారులో పేకాట దగ్గరికి పోతే, ముక్కలు పంచేవాళ్లు వాణ్ని చూసి గౌరవంగా పేక మూసి లేచి నిలబడ్డారు.

సాయంత్రం పారిపోవాలని ఆఫీసుకి వెళ్లారు. క్యాంపులోకి వచ్చేటప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డులు వెనక్కిస్తే తప్ప పోలేరు కదా. ఎర్సీలియా సొరుగులన్నీ లాగి వెతికింది. "ఎక్కడో పడ్డాయి, కోసిమో. మనసు బాగోలేక నాకు ఏ వస్తువూ ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇంతే." ఆ పిల్లని నేను తక్కువ అంచనా వేశాను.

మర్నాడూ అదే. పొద్దున్నే కాఫీతో ఒకరు, తర్వాత రసంతో ఒకరు. ఒర్నెల్లా ఇక తట్టుకోలేక నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, ఒక్క ఏడాది. ఒక్క ఏడాది గోడలున్న గదిలో పడుకుని, ఎవరో చేసి పెడితే తిందామనుకున్నాను. అంతే."

"ఇప్పుడు ఎవరెవరో చేసి పెడుతున్నారు కదా? తిను," అన్నాను. "గోడలు కావాలంటే నోరు తెరిచి అడగాలే. పో, వెళ్లి పడుకో అనేదాన్ని. గోడ కోసం అత్తని పాతిపెట్టడం ఎక్కడ నేర్పారు మీ ఇంట్లో?"

ఆమె ఏడ్చింది. నాకేమీ అనిపించలేదు. రాయి, లివియా, అలాగే రాయి.

వాడు ఆ వెనకే వచ్చాడు. "అమ్మా, నువ్వు పోయావని నేను ఎవరితోనూ అనలేదు. ఎర్సీలియానే రాసింది. నేను కాదనలేదు, అంతే."

కాదనలేదు, అంతే. ఈ మాట వినండి ఫాదర్. కూలికి పోయినచోట మేస్త్రీ పక్కవాణ్ని దొంగ అన్నందుకు బస్తియానో పార పారేసి ఇంటికి నడిచొచ్చాడు. ఆయన కొడుకు వీడు.

"కాదనడానికి ఎంత ఊపిరి కావాలిరా?" అన్నాను. "మీ అమ్మ బతికుందని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి నొప్పెట్టిందా? గిన్నె పారేయమని రాయడానికి నొప్పెట్టలేదే!"

నేను కుర్చీ అటు తిప్పుకుని సముద్రం చూశాను.

ఆ తర్వాత రోజు వడగాలి వచ్చింది, ఆఫ్రికా వైపు నుంచి. మీకు తెలియదు, అది కొండెక్కదు. భోజనాల వేళకి కుర్చీలు దొర్లాయి, డాక్టరు గొడుగు ఎగిరి సముద్రంలో పడింది. నా టార్పాలిన్ తాడు చెట్టు నుంచి జారింది. లివియా మొగుడు ముడి వేశాడు, ఊడింది. ముసలాయన వేశాడు, ఊడింది. నేను లేవబోతూ ఉంటే కోసిమో వచ్చాడు, నేను పిలవలేదు. రసం పళ్లెం చేతిలోంచి నేల మీద పెట్టి, నల్ల చొక్కా విప్పి అవతల పడేసి, తాడు అందుకున్నాడు. చెట్టుకి బెరడు చారలు పడిన చోటే వేశాడు. కిందినుంచి తీసి, రెండుసార్లు తిప్పి, పళ్లతో కొస లాగాడు. బస్తియానో అలాగే పళ్లతో లాగేవాడు. తాడు కదల్లేదు.

వాడు వెళ్లిపోలేదు. తాడు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

నేను లేచి నా గిన్నె తీశాను. కడిగాను. నీళ్లు పోసి, ఉప్పు వేసి, పొయ్యి వెలిగించాను.

నుంచియా తన వంతు వంకాయలతో వస్తూ దారిలో ఆగిపోయింది. పొయ్యి వెలిగితే సంతాపం అయిపోయినట్టు కదా. "సవేరియా పెద్దమ్మా, ఇవేం చేయను?" అంది. "బెర్గామో వాళ్లకి పెట్టు, కొంచెం తిండి అంటే ఏంటో తెలుస్తుంది," అన్నాను.

వాడికి ఒక పళ్లెం పెట్టాను, ఒర్నెల్లాకి ఒకటి. వాడు నోట్లో పెట్టుకుని ఏదో అనబోయాడు. "తిను, మాట్లాడకు" అన్నాను. క్షమించాననుకుంటున్నారేమో, మీ ఫాదర్లందరూ అలాగే అనుకుంటారు. లేదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టాను. వచ్చే వేసవికి వాళ్లు ఏ గోడల మధ్య పడుకుంటారో వాళ్లిష్టం. నేను మాత్రం ఇక్కడే ఉంటాను.

ఇక మీకు చెప్పాల్సింది ఒకటుంది, దీని కోసమే ఈ ఉత్తరం. నేను నిజంగా పోయినప్పుడు పోస్టరు అచ్చు వేయించేది మీరే కదా. సవేరియా మోరానో అని చిన్నగా వేయించండి, చాలు. దాని కింద మిరపకాయ అని, చేపల మార్కెట్టు అవతలి నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో వేయించండి. కొడుకు సిగ్గుపడి ఆ వరస తీసేయమంటే వినొద్దు.

సవేరియా